ఇంటిపేరు మారిన రాయి

జీవులకు రెండేసి మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ స్వీడన్ దేశస్థుడని పుస్తకాల్లో రాస్తారు. కిందటి జన్మలో ఆయన ఏ కోనసీమలోనో పుట్టి ఉంటాడని నా గట్టి అనుమానం. చుట్టుపక్కల తెల్లవాళ్లంతా పేరు ముందు, వంశం పేరు వెనక రాసుకుంటుంటే ఈయన ఒక్కడే సకల జీవరాశికీ ఇంటిపేరు ముందు పెట్టాడు, సొంత పేరు తర్వాత పెట్టాడు. మామిడిచెట్టు మాంజిఫెరా ఇండికా. అంటే మాంజిఫెరా వారి ఇండికా. కందుకూరి వీరేశలింగం, గురజాడ అప్పారావు ఎలాగో అలాగ. ఇంత చక్కటి తెలుగు పద్ధతిని 1758 కల్లా జంతువులన్నిటికీ అమలు చేసినందుకు ఆయనకు మనం ఎప్పుడో ఒక శాలువా కప్పాల్సింది.

కాకపోతే పద్ధతితో పాటు మన జబ్బు కూడా అంటించుకుపోయాడు. ఇంటిపేరు ఉన్నచోట ఇంటిపేరు తగాదా ఉంటుంది.

ఈ విషయం నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదని సవినయంగా మనవి. ముప్పై రెండేళ్లు ఒక ఆఫీసులో రికార్డు సెక్షన్‌లో పనిచేశాను. ఎన్ని వందల ఇంటిపేర్లను సవరించానో లెక్క లేదు. తీరా నేను రిటైరయ్యాక నా పెన్షన్ కాగితాల్లో నా ఇంటిపేరులోనే ‘ళ’ బదులు ‘ల’ పడింది. అది దిద్దించుకోవడానికి నేను పనిచేసిన ఆఫీసు చుట్టూ నేనే పద్నాలుగుసార్లు తిరిగాను. చివరికి నేను నేనేనని, నా కింద పనిచేసిన కుర్రాడి ముందు నిలబడి అఫిడవిట్ ఇచ్చుకున్నాను. కాబట్టి ఈ కింద రాసేదంతా అనుభవం మీద రాస్తున్నది.

మా అబ్బాయి ఫ్లోరిడాలో ఉంటాడు. ఆరు నెలలు ఉండి రమ్మని మమ్మల్ని పిలిపించుకున్నాడు. ఒక ఆదివారం కీ లార్గో తీసుకెళ్లి, అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కించాడు. నీళ్లలో కింద ఏవో లావుపాటి స్తంభాలు, ఒకే మొదలు నుంచి పిలకలు వేసినట్టు గుంపుగా నిలబడి ఉన్నాయి. నెత్తి మీద మాత్రం గోధుమ, పచ్చ కలిసిన రంగు. పక్కలన్నీ మాసిన సున్నం. పడవలో మైకు పట్టుకున్న అమ్మాయి, “ఇది ఆర్బిసెల్లా అన్యులారిస్ అనే పగడం. పాత పుస్తకాల్లో మోంటాస్ట్రియా అని ఉంటుంది, పట్టించుకోకండి” అంది.

పట్టించుకోకండి! ముప్పై రెండేళ్ల సర్వీసు ఉన్నవాడితో అనాల్సిన మాటేనా అది?

“ఏమండీ, నా ఉంగరంలో పగడం వీటి నుంచే తీస్తారా?” అని మా ఆవిడ చెయ్యి చూపించింది. కుజదోషానికి ఇరవై ఏళ్ల కిందట చేయించిన ఉంగరం. ఆ రాత్రి మా అబ్బాయి కంప్యూటర్ ముందు కూచుని ఫైలు తెరిచాను.

మొదటి పేజీలోనే తేలింది, కాదని. మన నవరత్నాల్లో పగడం మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం. దాని పాలిప్‌కు, అంటే పగడాన్ని కట్టే చిన్న ప్రాణికి, ఎనిమిదే చేతులు. పడవలో చూసినది రాతి పగడం. వీటి లెక్కంతా ఆరు, ఆరు రెట్లు. అష్టకం, షట్కం అన్నమాట. రెండిటికీ ‘పగడం’ అనే ఇంటిపేరు మనం పెట్టిందే గాని, అవి అన్నదమ్ములు కావు, మహా అయితే దూరపు జ్ఞాతులు. ‘పగడపు దిబ్బలు’ అని బళ్లో చదువుకున్నాం కదా, ఆ దిబ్బలను కట్టేవి ప్రధానంగా రాతి పగడాలు. మా ఆవిడ ఉంగరంలోని పగడానికి దిబ్బలు కట్టే అలవాటు లేదు. కుజుడికి ఈ సంగతి తెలుసో లేదో మరి.

ఇక ఇది ఏ శాఖ కిందికి వస్తుందన్నది అసలు చిక్కు. రాయి గనుక గనుల శాఖ అందామా? ఆ రాయిని కట్టింది జంతువు గనుక పశుసంవర్ధక శాఖ. ఆ జంతువు ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది గనుక అటవీ శాఖ. మొత్తం సముద్రంలో ఉంది గనుక మత్స్యశాఖ. మన దేశం ఈ చిక్కును 2001లో విప్పేసింది. రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చి, పులి పక్కన కూచోబెట్టింది. కదలని రాయికి పులితో సమానంగా కుర్చీ వేసిన ఘనత మనది.

యూరప్ వాళ్లు దీనికి చాలాకాలం తంటాలు పడ్డారు. పద్ధెనిమిదో శతాబ్దం మొదట్లో మార్సిలీ అనే ఇటలీ దొరవారు ఎర్ర పగడాన్ని సముద్రపు నీళ్లలో ఉంచి చూశారు. తెల్లగా, ఎనిమిది రేకులతో ఏవో విచ్చుకున్నాయి. “పువ్వులు!” అన్నారు. పగడం మొక్కేనని తీర్మానం అయిపోయింది. తర్వాత కొన్నేళ్లకు మార్సెయ్ డాక్టరు పేసనెల్ అదే చూసి, ఇవి పువ్వులు కావు బాబూ, పురుగులు అన్నాడు. ఈ మాటను పారిస్ అకాడమీకి చేరవేసిన పెద్దాయన రేయోమూర్. ఆయన ఎంత దయగలవాడంటే, కుర్రాడు నవ్వులపాలవుతాడని ఆ పరిశోధన ఎవరిదో పేరు చెప్పకుండానే చదివి, తప్పని తేల్చేశాడు. 1740ల్లో తానే ఒప్పుకోవాల్సి వచ్చింది, కుర్రాడు చెప్పింది నిజమేనని. పేరు దాచి మేలు చేసే పై అధికారులు మా ఆఫీసులోనూ ఉండేవారు.

మళ్లీ మన స్తంభాల దగ్గరికి వద్దాం. వీటికి తొలిసారి పేరు పెట్టింది ఎల్లిస్, సొలాండర్ అని ఇద్దరు. ఎల్లిస్ లండన్‌లో వర్తకుడు. సొలాండర్ లిన్నేయస్ శిష్యుడు, కెప్టెన్ కుక్ ఓడలో లోకం చుట్టి వచ్చినవాడు. పుస్తకం అచ్చయింది 1786లో. అప్పటికి ఎల్లిస్ పోయి పదేళ్లు, సొలాండర్ పోయి నాలుగేళ్లు. బారసాల చేయించిన పురోహితులిద్దరూ కాలం చేశాక పేరు రిజిస్టరు కావడం మన దగ్గర కూడా అరుదే. వాళ్లు పెట్టిన పేరు మాడ్రిపోరా అన్యులారిస్. అన్యులారిస్ అంటే ఉంగరాలు గలది. మాడ్రిపోరాలో విశేషమేమీ లేదు. ఆ రోజుల్లో కనిపించిన రాతి పగడానికల్లా తగిలించిన ఉమ్మడి ఇంటిపేరు.

ఉంగరాలు అన్న మాట ఎంత నిజమో తర్వాత ఒక సందర్శకుల కేంద్రంలో చూశాను. బల్ల మీద ఒక ఎముక ముక్క, పక్కన భూతద్దం పెట్టారు. ఎముక అంటే సున్నపురాయే. కంటికి మామూలుగా గరుకైన తెల్లరాయి. భూతద్దం పెడితే ఒక ఊరు! రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుతో గుండ్రటి గిన్నెలు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాన్నొకటి తాకకుండా. ఒక్కో గిన్నె పాలిప్ అనే ఒక్కో ప్రాణి ఇల్లు. గిన్నె లోపల అంచు నుంచి మధ్యకు సన్నటి పలకలు, చక్రానికి ఆకుల్లా. లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పాను. మూడోసారి ఇరవై నాలుగు వచ్చాయి. అందులో పన్నెండు నడుమ ఉన్న మెత్తటి స్పాంజిలాంటి స్తంభం దాకా వస్తాయి, మిగతా పన్నెండు మధ్యలోనే ఆగిపోతాయి. మొదట ఆరు, తర్వాత ఆరు, ఆ సందుల్లో పన్నెండు. మా ఊళ్లో మేస్త్రీకి వారానికోసారి గుర్తుచేసినా గోడ తిన్నగా రాదు. నోరూ పొట్టా తప్ప తలకాయంటూ లేని ఈ ప్రాణి ఇంత కొలతగా కట్టింది.

ఇంకో విశేషం. కొత్త పాలిప్ పాతదాని ఇంట్లో గది చీల్చుకుని పుట్టదు. గోడ బయట, రెండిళ్ల మధ్య సందులో మొలుస్తుంది. పెద్దకొడుకు పక్క స్థలంలో వేరే ఇల్లు కట్టుకున్నట్టు. అందరూ కలిసి పైకి పెరిగే వేగం ఏడాదికి ఒక సెంటీమీటరు, అటూ ఇటూ. మీటరు స్తంభం అంటే సుమారు నూరేళ్ల కాపురం. ప్రాణం ఉన్నది పైన పలచటి పొరలోనే, కింద అంతస్తులన్నీ తాతముత్తాతలు ఖాళీ చేసి వెళ్లినవి. ఎక్స్‌రే తీస్తే ఏడాదికొక చార కనపడుతుందట. పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒంట్లోనే పెట్టుకుని తిరిగే... కాదు, నిలబడే ప్రాణి. అయినా మనం దాని పేరు దగ్గరే ఆగిపోయాం.

పేరు సంగతి ఇదీ. 1816లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లమార్క్ ఇలాంటి చాలావాటిని ఆస్ట్రియా అనే ఇంటిపేరు కింద చేర్చాడు. 1846లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త డేనా, ఆర్బిసెల్లా అన్నాడు. ఇరవయ్యో శతాబ్దం నడిమికి పెద్దలు కూచుని, అయ్యా, మోంటాస్ట్రియా అనే ఇంటిపేరు 1830లోనే ఉంది, వీళ్లూ వాళ్లూ ఒకటే, ముందు వచ్చిన పేరే చెల్లుతుంది అని ఆర్బిసెల్లాను కొట్టేశారు. ఆ మోంటాస్ట్రియాను కూడా కొందరు మధ్యలో ‘ఎ’ అక్షరం పెట్టి, కొందరు పెట్టకుండా ఇంగ్లీషులో రాశారు. లక్ష్మికి ‘కె, ఎస్’ పెట్టాలా ‘ఎక్స్’ పెట్టాలా అని పాస్‌పోర్టు ఆఫీసులో నలిగినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇంతలో ఇంట్లో పంపకాలు వచ్చాయి. ఈ పగడం ఒకచోట స్తంభాల్లా, ఒకచోట అంచులు పావడా కుచ్చిళ్లలా జారిన గుట్టలా, ఇంకోచోట బొడిపెల బండలా పెరుగుతుంది. వెలుతురు తేడా వల్ల ఆకారం మారుతోంది, మనిషి ఒకడే అని దశాబ్దాల పాటు అందరూ సర్దుకుపోయారు. 1994లో వెయిల్, నౌల్టన్ అనే ఇద్దరు వీళ్లు ముగ్గురు అని తేల్చారు. స్తంభాలవాడు అన్యులారిస్, కుచ్చిళ్లవాడు ఫేవియోలాటా, బొడిపెలవాడు ఫ్రాంక్సి. ఇందులో తమాషా ఏమిటంటే ఫేవియోలాటా అనే పేరు కొత్తది కాదు. 1786లో అదే ఎల్లిస్, సొలాండర్ పుస్తకంలో విడిగానే రాసి ఉంది. ఒకసారి విడిగా ఉన్న ఖాతాను కలిపి, రెండు వందల ఎనిమిదేళ్లకు మళ్లీ విడదీశారు. మా రికార్డు రూములో ఇలాంటిది జరిగితే మెమో ఇచ్చేవారు.

అసలు దెబ్బ డీఎన్ఏతో తగిలింది. అప్పటిదాకా అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల పగడాలను ముఖం చూసి, పోలికలు చూసి, ఫేవియిడే అనే ఒకే కుటుంబంలో వేశారు. 2004లో జన్యువులు చూస్తే, ఒకేలా కనపడే రెండు సముద్రాల వాళ్లలో చాలామంది ఎప్పుడో విడిపోయినవాళ్లు. అన్నదమ్ములనుకున్నవాళ్లు కాదు, కాదనుకున్నవాళ్లు అవును. 2012లో పునర్విచారణ. ఈసారి పెద్దలు సంతలో ఎద్దుకు పళ్లు పట్టి చూసినట్టు, ఆ పలకల అంచుల్లో పళ్లను సూక్ష్మదర్శినితో పట్టి చూశారు. ఆకారం కంటే పళ్లే నిజం చెబుతాయట. సంతలో మా తాత అదే అనేవాడు. ఆయనకెవరూ శాలువా కప్పలేదు. తీర్పు ఏమంటే, మోంటాస్ట్రియా వారితో ఈ ముగ్గురికీ సంబంధం లేదు, 1846 నాటి ఆర్బిసెల్లా ఇంటిపేరు తిరిగి ఇవ్వాలి. కుటుంబమా? మెరులినిడే. ఆ కుటుంబంలో మిగతావాళ్లంతా హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వాళ్లు. అంటే పుట్టి బుద్ధెరిగి అట్లాంటిక్ దాటని ఈ ముగ్గురికీ చుట్టాలంతా ఇటువైపు, మన అండమాన్, లక్షద్వీప్ వైపు ఉన్నారు. మా అబ్బాయి పిల్లల పరిస్థితి కూడా అదే అని మా ఆవిడ అంది. నేను విననట్టు ఊరుకున్నాను.

ఈ తీర్పు వచ్చే వేళకే అమెరికా ప్రభుత్వం దగ్గర ఇంకో ఫైలు నడుస్తోంది. 2012 చివర్లో ఈ ముగ్గురినీ ‘అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవి’ అని ప్రకటిద్దామని ప్రతిపాదన పెట్టారు, మోంటాస్ట్రియా పేరు మీద. 2014 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది, ఆర్బిసెల్లా పేరు మీద. హోదా మాత్రం ఒక మెట్టు తగ్గించి ‘ముప్పు పొంచి ఉన్నవి’ అన్నారు. ఇంటిపేరు సవరణ అంత సవ్యంగా, ఒక్క అఫిడవిట్ లేకుండా, ఒకే ఫైలులో జరిగిపోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. అదే ఏడాది మయామీ దగ్గర సముద్రంలో రాతి పగడాల కండ వారాల్లో ఊడిపోయే కొత్త జబ్బు ఒకటి బయటపడింది. ఆ జబ్బు ఈ ముగ్గురినీ పట్టింది. దానికి మోంటాస్ట్రియా, ఆర్బిసెల్లా అన్న పట్టింపు లేదు. మోంటాస్ట్రియా పేరు నిలబెట్టుకున్న కావెర్నోసా అనే పగడాన్ని కూడా వదల్లేదు.

2023 జులైలో ఫ్లోరిడా కీస్ దీవుల దగ్గర లోతు తక్కువ ఖాతం ఒకదానిలో నీళ్ల వేడి 38 డిగ్రీలు దాటింది. అంత వేడికి పగడం ఏం చేస్తుందంటే, ఒంట్లో కాపురమున్న నాచును బయటికి గెంటేస్తుంది. ఎండ పట్టి అన్నం వండిపెట్టేది ఆ అద్దెకున్నవాళ్లే. వాళ్లు పోతే రంగూ పోతుంది, తిండీ పోతుంది. చల్లబడ్డాక తిరిగొస్తే సరే. లేకపోతే భూతద్దం పక్కన పెట్టే ముక్క అవుతుంది.

ఇన్ని పేర్లు మారినా ఈ ముగ్గురు ఒక్క సంగతి మాత్రం తప్పరు. ముహూర్తం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పున్నమి వెళ్లిన ఆరు నుంచి ఎనిమిది రోజులకు, పొద్దుగూకాక, గుడ్లూ వీర్యం కలిసిన గులాబీ రంగు పూసలను ఒక్కసారిగా నీళ్లలోకి వదులుతారు. ఒక్కో పాలిప్ ఆడా మగా రెండూ తానే. ఫ్రాంక్సి ముందు మొదలుపెడుతుంది. అన్యులారిస్, ఫేవియోలాటా గంటన్నర, రెండు గంటలు ఆగుతాయి. ల్యాబులో కలిపితే ఫ్రాంక్సికీ అన్యులారిస్‌కూ పిల్లలు కలుగుతాయి గాని, సముద్రంలో ఆ రెండు గంటలే గోడ. పంచాంగం తీసి చూశాను. శ్రావణ పున్నమి తర్వాత ఎనిమిదో తిథి అంటే కృష్ణాష్టమి.

మొన్న కృష్ణాష్టమి నాడు మా ఆవిడ వీధి గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్నికృష్ణుడి పాదాలు వేస్తోంది. రాత్రి ఏడున్నర అయింది. ఉండబట్టలేక ఫ్లోరిడాకు ఫోన్ చేశాను.

“ఏరా, సముద్రం వైపు ఏమన్నా కబురు తెలిసిందా?”

“నాన్నా, ఇక్కడ ఇంకా పొద్దున్న పదే. నేను మీటింగులో ఉన్నాను” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఫ్రాంక్సికే ఇంకా పొద్దుగూకాలి” అన్నాడు.