రచ్చకాడికి పోయిన మా నాయన

మీటింగ్ మధ్యలో మావాడి ఫోన్. "డాడీ, తాత రచ్చ చేయడానికి వెళ్లాడు."

గుండె గుభేలుమంది. ఎందుకంటే ముందు రోజు రాత్రే మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెక్రటరీకీ, అనంతపురం పక్క పల్లె నుంచి వచ్చిన మా నాయనకీ, కారిడార్‌లో ఆరబోసిన శెనక్కాయల దగ్గర మాటా మాటా పెరిగింది. "రేపు తేలుస్తా" అనేసి పడుకున్నాడు నాయన.

మేనేజర్‌కి ఏం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు. దారిలో సిగ్నల్ దగ్గర మా ఆవిడకి ఫోన్ చేశాను, ఆవిడ పక్కింటావిడకి, పక్కింటావిడ సెక్రటరీ గారింటికి. గేట్లోకి వస్తూనే బండి పడేసి, హెల్మెట్ కూడా తీయకుండా "నాయనా, వదిలెయ్ నాయనా!" అని అరుస్తూ పరిగెత్తాను. బాల్కనీలన్నీ నిండిపోయాయి. సెక్రటరీ బనీను మీదే దిగొచ్చాడు, ఎందుకైనా మంచిదని చేతిలో పిల్లల క్రికెట్ బ్యాట్.

నాయన వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద బాసింపట్టు వేసుకుని, వాచ్‌మన్‌కి శెనక్కాయలు ఒలిచి పెడుతున్నాడు. "ఏమ్రా, అప్పుడే వస్తివి?"

తీరా చూస్తే ఆయన మావాడితో అన్నమాట "రచ్చకాడికి పోయొస్తా" అని. మా ఊళ్లో చెట్టు చుట్టూ కట్టిన అరుగు రచ్చకట్ట. పొద్దు వాలితే అందరూ అక్కడే. మాటకొస్తే నాయనదే రైటు. సంస్కృతంలో రథ్య అంటే రథం నడిచే వీధి, ప్రాకృతంలో అది రచ్ఛా అయింది, మన దాకా వచ్చేసరికి నలుగురు కూడే చోటు. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అనే సామెతలో ఉన్నది ఆ చోటే, కొట్లాట కాదు. ఇంట్లో తేలని పంచాయితీలన్నీ అక్కడికెక్కీ ఎక్కీ, చివరికి చోటు పేరు గొడవకే అంటుకుపోయి ఉంటుందని నా ఊహ. మావాడికి తెలిసింది ఆ గొడవ ఒక్కటే. వాడి తప్పేముంది, స్కూలు బస్సు ఏ చెట్టు కిందా ఆగదు కదా.

ఇదంతా హెల్మెట్ లోపలి నుంచే సెక్రటరీకి చెప్పబోయాను. ఆయనకి ఒక్క ముక్క వినపడినట్టు లేదు. బ్యాట్ వీపు వెనక దాచుకుంటున్నాడు. నాయన పక్కకి జరిగి ఆయన్ని కూర్చోబెట్టి, గుప్పెడు శెనక్కాయలు చేతిలో పోసి, బాల్కనీల వైపు తలెత్తి చూశాడు.

"ఎవురప్పా ఇంత రచ్చ చేసింది?"

అందరూ నా హెల్మెట్ వైపు చూశారు.