తుప్పు పట్టిన అలుగుకు పెళ్లికూతురి ముస్తాబు

పాత వస్తువులకు ప్రాణం పోసే వీడియోలు చూస్తూ నిద్రలోకి జారుకోవడం మనలో చాలామందికి అలవాటే కనుక, ఆ కోవలో ఈమధ్య నా కంటబడిన ఒక మహత్కార్యాన్ని పాఠకులకు నివేదించడం నా విధి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, గ్రేలింగ్ ఊరి నుంచి ఫ్రెడ్ బేర్ సంస్థ 1956లో రేజర్‌హెడ్ అనే వేట బాణపు అలుగును మార్కెట్లోకి తెచ్చింది. ఇలాంటి వెడల్పాటి అలుగులను అక్కడ బ్రాడ్‌హెడ్‌లంటారు. అటువంటి పాత రేజర్‌హెడ్‌ను ఒక మహానుభావుడు పునరుద్ధరించాడు. దానిని ఇసుక పిచికారీతో తోమి, కరెంటుతో తిరిగే తీగ బ్రష్షుకు అప్పజెప్పి, ముఖం కనిపించేదాకా మెరుగు పట్టించి, బాణం కాడ దూరే గొట్టానికి బంగారు పూత పూయించి, నల్ల మఖమలు మీద పవళింపజేశాడు. వెనుక వేణువు మోగుతూనే ఉన్నది. చిట్టచివర, దాని వాడిని లోకానికి చాటడానికి ఒక టమాటాను కోశాడు. టమాటా తెగింది. అది బాగా మిగలపండిన టమాటా. గరిటె కాడతో నొక్కినా తెగి ఉండేది.

వేటతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. తూటా దెబ్బతో చంపుతుంది, బాణం కోతతో చంపుతుంది. బ్రాడ్‌హెడ్ లోపలి రక్తనాళాలను తెగకోసి, నెత్తురు పోయేలా చేసి జంతువును పడగొడుతుంది కనుక దాని విలువంతా వాదరలోనే ఉన్నది. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విల్లంబులతో జింకలను వేటాడేందుకు ప్రత్యేకంగా ఒక కాలాన్ని కేటాయించింది. ఆ తరువాతి దశాబ్దాలలో పెద్ద కర్మాగారాలతోపాటు చిన్నచిన్న షెడ్లలోనూ ఎవరికి తోచిన పద్ధతిలో వారు ఈ అలుగులను తయారుచేశారు. అలుగు పొడవు వెడల్పుకు మూడింతలు ఉండాలన్నాడు పేరుమోసిన అమెరికన్ విలుకాడు హోవర్డ్ హిల్. ఫ్రెడ్ బేర్ ప్రధాన ఫలకానికి అడ్డంగా చీలిక పెట్టి, అందులో పలుచని బ్లేడు ఒకటి దూర్చాడు. రేకును గొట్టానికి ఒకరు ఇత్తడితో అతికితే, మరొకరు రివెట్టుతో బిగించారు. సేకరించేవారు డబ్బు పెట్టేది ఈ వైవిధ్యానికి, అచ్చుగుద్దిన ముద్రకు, మిగిలి ఉన్న రంగుకు, కర్మాగారపు సానరాయి వదిలివెళ్లిన సన్నని గీతలకు. తీగ బ్రష్షు సరిగ్గా ఆ నాలుగింటినీ ఏరుకుని మరీ తింటుంది. వందల ఏళ్లనాటి రాతి స్తంభానికి సున్నం కొట్టి, ఆపైన ఇనామెల్ రంగు పూసి మురిసిపోయే మనకు ఈ రసికత కొత్తేమీ కాదనుకోండి.

ఈ ముస్తాబైన అలుగులు సంప్రదాయ విలుకాళ్ల సంతకు చేరినప్పుడు ఏం జరుగుతుందో ఊహించుకోండి. అమ్మకందారు తెల్లని చేతితొడుగులు ధరించి ఉంటాడు. గ్రైండరు పట్టినప్పుడు లేని ఈ శుచి అలుగు చచ్చిన తరువాత పుట్టుకొచ్చింది. ఒక వృద్ధ సేకర్త భూతద్దం తీసి, ముద్ర కోసం నాలుగు మూలలా వెతికి, ఇది ఎవరి తయారీ అని అడుగుతాడు. అసలు సిసలు పాతదేనని జవాబు వస్తుంది. ముద్ర ఏదంటే, శుభ్రం చేసేటప్పుడు పోయిందట. రంగు ఏదంటే, అదీ మురికిలాగే కనిపించిందట. పోనీ ఆకారమైనా పాతదేనా అంటే, అంచులు వంకరగా ఉంటే కాస్త సవరించాడట. మరి ఇందులో అసలుదేమిటయ్యా అని వృద్ధుడు నిలదీస్తే, అమ్మకందారు కొంచెంసేపు ఆలోచించి, కాడ దూరే రంధ్రం మాత్రం నూటికి నూరుపాళ్లూ అసలైనదేనని ధైర్యంగా హామీ ఇస్తాడు. రంధ్రానికి కూడా లోపల మెరుగు పెట్టించాడన్న సంగతి బిల్లు రాసేటప్పుడు బయటపడుతుంది.

ఇంతకీ పాత బ్రాడ్‌హెడ్‌ను బాగుచేయాలా, వద్దా? ఎక్కువసార్లు వద్దు. ఇనుము మీద నిలకడగా కుదురుకున్న నల్లని పొర దానికి కవచం. ఎర్రగా పొడిపొడిగా రాలే తుప్పు ఒక్కటే శత్రువు. అలుగును నూనెలో నానబెట్టి, మెత్తని ఇత్తడి తీగ పీచుతో ఓపికగా రుద్దితే ఆ తుప్పు చాలావరకు వదులుతుంది. ఇంకా మొండికేస్తే, రంగు వేయని అలుగును జిడ్డు పోగొట్టి మరిగే నీళ్లలో కాసేపు ఉంచితే ఎర్రని తుప్పు నల్లగా మారుతుంది. గొట్టంలో ఇరుక్కున్న విరిగిన కాడను పట్టి ఉంచిన బంక వేడికి కరిగేదైతే, అదీ అక్కడే మెత్తబడుతుంది. ఆ తరువాత తడి లేకుండా ఆరబెట్టి, పలుచగా మైనం పూస్తే పని అయిపోయినట్టే. ఇందులో వేణువుకు చోటు లేదు, అందుకే దీనిని ఎవరూ వీడియో తీయరు. రాత్రి వెనిగర్‌లో వేసి పొద్దున తీసే చిట్కా ఒకటి ప్రచారంలో ఉన్నది. వెనిగర్‌కు తుప్పు ఏదో ఉక్కు ఏదో తెలియదు, రెండింటినీ తింటుంది. తెల్లవారేసరికి మీ చేతికి స్ఫోటకం మచ్చల మొహం వస్తుంది.

గోడకు తగిలించుకునే అలుగుకు మెరుగు పెడితే పోయేది చరిత్ర ఒక్కటే, దానికి వ్యంగ్యం సరిపోతుంది. ఈ మెరుగు అలుగులనే బాణాలకు తొడిగి అడవికి వెళ్లేవారున్నారు. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మెరుగు పెట్టే చక్రం వాదరను గుండ్రం చేస్తుంది. గ్రైండరు దగ్గర వేడి 300 డిగ్రీల సెల్సియస్‌ దాకా ఎక్కితే ఉక్కు నీలం తిరుగుతుంది. అంటే కమ్మరి పెట్టిన పదును దిగిపోయి అంచు మెత్తబడిందని అర్థం. ఆ నీలాన్ని చూసి ఇంద్రధనుస్సు ఎంత బాగుందోనని ఫొటో తీసుకుంటున్నారు! వాడి అలుగు ఊపిరితిత్తుల గుండా దూసుకుపోతే జింక కొద్ది సెకన్లలో పడిపోతుంది. మొద్దు అలుగు రక్తనాళాలను కోయదు, పక్కకు నెట్టి చీల్చుకుంటూ పోతుంది, నెత్తురు గడ్డకడుతుంది, జింక తప్పించుకుని, ఏ చిత్తడిలోనో పడి, చీము పట్టి, రోజుల తరబడి చస్తుంది. మీ మెరుపు చూసుకోవడానికి ఒక మూగజీవి అలా చావాలా? వేట తప్పో ఒప్పో తరువాత వాదించుకుందాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వాదనను చాలావరకు ముగించింది కూడా. వేటకు అనుమతి ఉన్న చోట మాత్రం, మొద్దు ఇనుముతో జీవాన్ని కొట్టేవాడిని వేటగాడని పిలవడానికి నాకు నోరు రాదు. వాడికి సిగ్గు లేదు, అంతే.

పాత అలుగునే సంధించి తీరాలన్న పట్టుదల ఉన్నవారు ముందు దాని అతుకులను భూతద్దం కింద చూడాలి. సన్నని పగులు కనబడినా అది పెట్టెలోకే పోవాలి. చెక్కుచెదరనిదైతే చేతి ఆకురాయితో, ఆపైన సానరాయితో, వేడెక్కకుండా నెమ్మదిగా వాదర తేవాలి. బిగలాగిన రబ్బరు బ్యాండు మీద ఆనించగానే అది తెగాలి, టమాటా సాక్ష్యం చెల్లదు. తరాల తరబడి అరగదీసిన అలుగు వెడల్పును కూడా కొలుచుకోవాలి, ఎందుకంటే అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలో అది 7/8 అంగుళానికి తగ్గితే వేటకు పనికిరాదు. వెనుక ముల్లులా వంపు తిరిగిన పాత రకాలను అసలే నిషేధించిన చోట్లూ ఉన్నాయి. ఇంత శ్రమ ఎందుకనుకునేవారికి కొత్త అలుగులు దుకాణాలలో పొట్లాలుగా దొరుకుతున్నాయి.

ఇప్పటికే బంగారు పూత పూయించేసినవారికి ఒక విన్నపం. వాటిని అమ్మకానికి పెట్టేటప్పుడు ‘అసలు సిసలు’ అన్న మాట తీసేసి, మొత్తం కలిపి ఎన్ని కిలోలో రాయండి. పాత ఇనుప సామాన్లు కొనేవాడు అడిగేది అదొక్కటే.