పెరటి లాన్ దొరవారికి నౌకరు విన్నపం

మహారాజశ్రీ లాన్ దొరవారి దివ్య సముఖానికి,

తమరి పెరటి నౌకరు రాసుకునే విన్నపం. తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకపోవడానికి కారణమూ కనబడదు. వేళకి నీళ్లు, వేళకి ఎరువు, వారం వారం క్షవరం. ఇంత సేవ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా జరగడం లేదు. ఈ మాట వాళ్లే అన్నారు.

అసలు సంగతి మనవి చేస్తాను. తమరి ఏలుబడిలో ఉన్న పెరటి భూమిని స్వాధీనం చేసుకుని కూరగాయలకీ పూలకీ పంచాలని ఇంట్లో తీర్మానమైంది.

తమరికి కోపం రావడం సహజం. వంశం గొప్పది కదా. యూరప్‌లో ప్రభువుల మేడల ముందు తమరు పరుచుకుని ఉన్నారంటే దానికి ఒకటే అర్థం: ఈ ఇంటాయన ఇంత మంచి నేలని పంట లేకుండా వదిలేసినా ఆయన గాదెలు ఖాళీ కావు. గడ్డి కురచగా ఉండాలంటే కొడవళ్లు పట్టిన కూలీలైనా కావాలి, గొర్రెల మందైనా కావాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వైట్‌హౌస్ లాన్ మీదికి గొర్రెలనే తోలించాడు. వాటికి కడుపు నిండింది, వాటి ఉన్ని వేలం వేస్తే రెడ్‌క్రాస్‌కి విరాళం వచ్చింది. తమరి వల్ల లోకానికి లాభం కలగాలంటే తమరిని ఎవరో ఒకరు మేయాల్సిందే.

ఆ గొర్రెల కన్నా చాలా ముందే, 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే యంత్రం కనిపెట్టాడు. దాంతో మామూలు మనుషులకి కూడా దొరతనం అందుబాటులోకి వచ్చింది. చిన్న షరతు ఒకటుంది, దొరా నౌకరూ ఒకరే అవ్వాలి. సెలవు రోజున ఎండలో ఆ యంత్రం తోస్తూ నేను నా హోదాని బాగానే అనుభవిస్తున్నాను.

అమెరికాలో తమరి బంధువర్గం సుమారు 1,28,000 చదరపు కిలోమీటర్లు ఆక్రమించిందని నాసా పరిశోధకురాలు ఒకరు తోటివారితో కలిసి 2005లో లెక్కగట్టారు. అక్కడ నీళ్లు పెట్టి పెంచే పంటల్లో విస్తీర్ణంలో మొదటి స్థానం తమరిదేనట. పంట అనే హోదా కూడా దక్కింది, శుభం. దిగుబడి ఎంతని మాత్రం అడగకూడదు.

తమరి తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లకి చివరికి మిగిలే మాట అందం. కూరగాయలు వేస్తే పెరడు చిందరవందరగా ఉంటుందని వాళ్ల బెంగ. మరి ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ కోటలో పద్నాలుగో లూయీ రాజు ఏం చేశాడు? తోటలో తమరిని పచ్చ తివాచీలా పరిపించిన ఆ రాజే 1678 నుంచి 1683 వరకూ పని చేయించి, కోటకి దగ్గర్లోనే మరో తోట వేయించాడు. అందులో కూరగాయల మళ్లు, గోడలకి పాకించిన పళ్లచెట్లు, మధ్యలో నీళ్ల కొలను. రాజుగారు అతిథులని వెంటబెట్టుకుని ఆ తోట చూపించేవాడు. అది ఇవాళ్టికీ ఉంది. ఆయన కంటికి ఆనిన కాయగూరలు మా కంటికి ఆనవా?

క్లోవర్ అనే మూడాకుల మొక్క విషయంలో తమరి ప్రవర్తన నాకు అస్సలు నచ్చలేదు, దొరా. ఒకప్పుడు లాన్ విత్తనాల్లో దాన్ని కావాలని కలిపేవారు. అది గాల్లోని నత్రజనిని పట్టి నేలకిచ్చే మొక్క. 1940లలో 2,4-డి కలుపుమందు వచ్చింది. గడ్డి జోలికి పోకుండా వెడల్పాకు మొక్కలని చంపే మందు అది. దానికి క్లోవర్ కూడా పోయింది. మందు మానాల్సింది పోయి, క్లోవర్‌నే కలుపు జాబితాలో చేర్చారు. ఊరికే పోషించే నేస్తాన్ని గెంటేసి, అదే నత్రజనిని బస్తాల్లో తెప్పించుకుంటున్నారు. ఇది ఏ దొరతనమో!

ఇక తమరిని ఎలా సాగనంపుతామో కూడా చెప్పడం మర్యాద. పార పట్టి తవ్వం. ముందు గడ్డిని వీలైనంత కురచగా కోస్తాం. టేపు, పిన్నులు పీకేసిన అట్టపెట్టెలని విప్పి, అంచులు ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా పరిచి, బాగా తడుపుతాం. పైన పది, పదిహేను సెంటీమీటర్ల మందాన కంపోస్టు, ఆ పైన ఎండుటాకులు. వెలుతురు అందక తమరు కొన్ని నెలల్లో మట్టిలో కలుస్తారు. మిగతా పని వానపాములు చూసుకుంటాయి. తమరు జీవితంలో చేసే మొదటి సహాయం అదే. ఒక్క గరికకి మాత్రం ఈ సత్కారం చాలదు. అది అట్టల కింద నుంచి పాకి అంచుల్లో మళ్లీ లేస్తుంది. ఒప్పుకోవాలి, తమ వంశంలో పట్టుదల అంటే దానిదే. దాన్ని వేళ్లతో సహా ఏరి, అంచుల వెంబడి కాపలా కాయాల్సిందే.

అన్నట్టు, కలుపుమందు కొట్టిన గడ్డిని కంపోస్టులో వేయం. క్లోపిరాలిడ్ లాంటి కొన్ని మందులు కంపోస్టు మాగినా పోవు, చిక్కుడూ టమాటా ఆకులు మెలితిరిగిపోతాయి. చచ్చాక కూడా తమరి దొరతనం సాగనివ్వం.

మడి వెడల్పు నాలుగడుగులు దాటదు, రెండు వైపుల నుంచీ మధ్యకి చెయ్యి అందాలి. మడిలో కాలు పెట్టం. కాయలు కాసే మొక్కలకి రోజూ ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ పడే చోటు, ఆకుకూరలకి కాస్త నీడ తగిలే చోటు. మడి అంచుకి ఎర్ర తోటకూర, మూలమూలన బంతి, దారి మీద కమానుకి చిక్కుడు తీగ. బెండ మందారానికి చుట్టం, ఆ పువ్వు చూశాక అందం గురించి వకీళ్లు మళ్లీ మాట్లాడితే చూద్దాం. పెరడంతా ఒకేసారి తీసుకోం, ముందు రెండు మళ్లే. చేతగాని సంస్కర్తలకి తొందరెక్కువ.

కొత్తగా వచ్చేవాళ్లు పేచీ పెట్టరని కాదు. టమాటాకి ఒక రోజు నీళ్లు ఎక్కువ, ఒక రోజు తక్కువ అయితే కాయ అడుగు నల్లబడుతుంది. సొర పువ్వుకి పుప్పొడి అందకపోతే పిందె రాలిపోతుంది. ఎంత అలిగినా చివరికి చేతిలో ఏదో ఒకటి పెడతాయి, కనీసం విత్తనాలైనా.

పిల్లలు ఆడుకునే మూల మాత్రం తమరికే వదిలిపెడుతున్నాం. అక్కడ క్లోవర్ విత్తనం కూడా చల్లుతాం, సర్దుకుపోవాలి. అభ్యంతరాలుంటే లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. మళ్లీ క్షవరానికి వచ్చినప్పుడు తీసుకుంటాను. వారం వారం మాత్రం రాను.

ఇట్లు,
తమరి కొలువు సగం మానేసిన నౌకరు