సైకెడెలిక్ సంకలనం గారికి, ఒక జాడీ తరఫున

మహారాజశ్రీ పాత పాటల సంకలనం గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ మూడు సీడీలూ గీతలు పడకుండా క్షేమంగా ఉన్నాయని తలుస్తాను.

1967 నాటి బ్రిటన్ సైకెడెలిక్ పాటలు, అంటే మత్తులో తేలే లోకాన్ని పలికించే పాటలంటూ మీరు కట్టిన మూటను రెండు రాత్రులు కూర్చుని విన్నాను. సితార్లు, తిరగేసి తిప్పిన టేపులు, బావిలోంచి పాడుతున్నట్టు గొంతులు. వాటి మధ్య ఉన్నట్టుండి బుర్ర్ బుర్ర్‌మని ఒక చప్పుడు. ఫోన్ వైబ్రేట్ అవుతోందేమోనని జేబు తడుముకున్నాను. ఫోన్ కాదు, జాడీ! 'ది పర్పుల్ గ్యాంగ్' వాళ్ల 'గ్రానీ టేక్స్ ఎ ట్రిప్'.

అయ్యా, వీళ్లది జగ్ బ్యాండ్. ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్ కుర్రాళ్లు. అమెరికాలో లూయీవిల్, మెంఫిస్ వైపు నల్లజాతి కళాకారులు 1920ల్లో రికార్డులకెక్కించిన సంగీతాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లు. అందులో ఖాళీ విస్కీ జాడీయే బేస్, బట్టలుతికే గరుకు రేకే తాళం. జాడీని మన ఘటంలా కొట్టరు, పిల్లనగ్రోవిలా ఊదరు. మూతికి కాస్త ఎడంగా పెదాలు పెట్టి బుర్రుమనిపిస్తే, లోపలి గాలి దాన్ని పది రెట్లు చేసి బయటికి పంపుతుంది. స్వరం పెదాలది, హోరు జాడీది.

ఇందులో సైకెడెలిక్ ఎక్కడుందని వెతికితే నాకు దొరికింది ఒకే ఒక్క మాట: ట్రిప్. నిజానికి పాట పేరు లండన్ కింగ్స్ రోడ్‌లో 1966లో తెరిచిన ఒక బట్టల కొట్టుది. పాటలో ఓ ముసలమ్మ హాలీవుడ్‌కి ప్రయాణం కడుతుంది. మా అమ్మమ్మ కాశీకి వెళ్లింది, ఈవిడ హాలీవుడ్‌కి వెళ్లింది, అంతే తేడా. కానీ ఆ రోజుల్లో ట్రిప్ అంటే ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ప్రయాణమే అని లోకం అనుకునేది. బీబీసీ పాటను నిషేధించింది. తాటిచెట్టు కింద పాలు తాగడమంటే ఇదే. పైగా గాయకుడు తన పేరు లూసిఫర్ అని పెట్టుకున్నాడు. (సరే, అది మాత్రం కోరి తెచ్చుకున్నదే.) బ్యాండ్ పేరేమో డెట్రాయిట్‌లో మద్యనిషేధం నాటి దొంగసారా ముఠాది. ముసలమ్మ ప్రయాణం ముందు అదీ చిన్నబోయింది.

1967 ఆగస్టులో కొత్త చట్టమొచ్చి సముద్రం మీంచి లైసెన్సు లేకుండా పాటలు వేసే పైరేట్ రేడియోలు దాదాపు అన్నీ మూతపడ్డాయి. ఇక బీబీసీ తలుపు తెరవకపోతే వేరే గడపెక్కడ? 1968లో ఒక ఎల్‌పీ వచ్చింది, తర్వాత వాళ్లను జనం మరిచిపోయారు.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. ఏ మాట చూసి బీబీసీ వాళ్లను గెంటేసిందో, యాభై ఏళ్ల తర్వాత అదే మాట చూసి మీరు లోపలికి పిలిచారు. ఇంతకీ పాట విన్నదెవరు? రికార్డు చేయించిన జో బాయ్డ్ ఆ ఏడాదే సైకెడెలిక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ తొలి సింగిల్ కూడా చేయించాడు కాబట్టి చుట్టరికం కలిపేశారేమో. అలాగైతే ఒకే టైలర్ దగ్గర కుట్టించుకున్నవాళ్లంతా అన్నదమ్ములే. వీళ్ల అసలు బంధువులు స్కిఫుల్ వాళ్లు, అంటే 1950ల బ్రిటన్‌లో ఇంటి సామానునే వాయిద్యాలుగా చేసుకున్నవాళ్లు, గాయకుడు లోనీ డోనెగన్ కాలం మనుషులు. మూడేళ్ల తర్వాత, 1970లో, మంగో జెర్రీ అనే బ్యాండ్ ఇదే ఊరి చప్పుడుతో బ్రిటన్‌లో ఏడు వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. వాళ్ల పాట పేరులో ట్రిప్ లేదు మరి.

కోపం తీరాక ఒక మాట ఒప్పుకోవాలి. మీరు సరైన అరలోనే పెట్టి ఉంటే వీళ్లు నాకు దొరికేవారే కాదు. జగ్ బ్యాండ్‌ల అర వైపు నేనెప్పుడూ వెళ్లలేదు.

ఇట్లు,
మీ నాలుగు వందల రూపాయల శ్రోత

తా.క.: మన ఆవకాయ జాడీకి మూతి వెడల్పు, బుర్రుమనదు. మా ఆవిడ చూసింది కూడా.