మీ సాక్సుల కంటే నా ఇంగువ నయం

రాత్రి పదకొండు దాటింది. పెరూ దేశంలోని కుస్కోలో, ఎనిమిది మంచాల డార్మ్‌లో, పై బంకు మీద దుప్పటి ముసుగేసుకుని ఇది టైప్ చేస్తున్నాను. చేతులు వణుకుతున్నాయి, కోపంతో. సరే, కొంత చలికి కూడా. ఊరు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, ఈ హాస్టల్లో హీటర్ కావాలంటే దానికి వేరే డబ్బులు.

విషయం చెప్తే ఇంతేనా అంటారు. పప్పు చేసుకున్నాను. అంతే. పప్పు చేసుకుని పోపు పెట్టుకున్నాను.

పది నిమిషాలకి రిసెప్షన్ కుర్రాడు ఒక కాగితం, టేపు పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. ఫ్రిజ్ తలుపు మీద అంటించాడు. ఘాటైన వాసన వచ్చే వంటలు దయచేసి చేయకండి, ఇతరులను గౌరవించండి అని స్పానిష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. తెలుగులో కూడా వేసుంటే పని పూర్తయ్యేది. "మీ గురించి కాదు, అందరికీ" అన్నాడు నవ్వుతూ. అవును మరి. ఆ టైమ్‌లో వంటగదిలో ఉన్నది నేనూ, పాస్తా ఉడకబెట్టుకుంటున్న ఇంకో అబ్బాయీ. ఆ పాస్తాలో ఉప్పు కూడా లేదు. ఘాటు ఎవరిదో మీరే తేల్చండి.

ఎవరు కంప్లైంట్ ఇచ్చారో నాకు తెలుసు, పేరు తెలియదు. నా కింది బంకులో ఉంటాడు. సాల్కాంతాయ్ ట్రెక్ చేసి నిన్ననే దిగాడు. ఐదు రోజుల నడక. ఆ ఐదు రోజులూ విప్పలేదనుకుంటా ఆ సాక్సులు, ఇప్పుడు నా నిచ్చెన మెట్టు మీద ఆరేసి ఉన్నాయి. నా నిచ్చెన! నేను బాత్రూంకి దిగాలంటే ఆ రెండు సాక్సుల మధ్య కాలు పెట్టి దిగాలి. తడి కుక్కని గోనెసంచిలో కట్టి మూడు రోజులు మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది ఈ గది. దాని మీద కాగితం లేదు. అది అడ్వెంచర్ కంపు కదా, గౌరవనీయం.

ఇంకోటి వినండి. కింద లాబీలో రోజూ సాయంత్రం పాలో సాంతో అనే చెక్కపుల్లలు కాలుస్తారు. ఊదొత్తుల కొట్టులో కూర్చున్నట్టు ఉంటుంది, కళ్లు మండుతాయి. దాని చుట్టూ అందరూ కళ్లు మూసుకుని కూర్చుంటారు. అది వాసన కాదట, ఎనర్జీ అట. నా ఇంగువ మాత్రం వాసన.

అన్నిటికంటే మండింది ఏంటో చెప్పనా? అదే వంటగది గోడ మీద నల్లబోర్డు ఉంది. దాని మీద సుద్దతో రాసి ఉంది: శుక్రవారం కర్రీ నైట్, ప్లేటు 25 సోల్. సోల్ అంటే ఇక్కడి రూపాయి లెండి. పసుపు రంగు నీళ్లలో కోడిముక్కలు. పాతిక సోల్ తీసుకుని వాళ్లు అమ్మితే కర్రీ, నా డబ్బులతో నేను వండుకుంటే కంపు!

ఆ పప్పు కోసం నేను పడ్డ పాటు తెలిస్తే మీరు నాకు దండ వేస్తారు. ఈ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీల దాకా పోవు, 88, 89 దగ్గరే మరిగిపోతాయి. అంటే గిన్నెలో బుడగలు కుతకుతమంటూ ఉంటాయి, పప్పు మాత్రం గులకరాళ్లలా చూస్తూ ఉంటుంది. కుక్కర్ లేదు. కందిపప్పు ఎలాగూ లేదు. పొద్దున సాన్ పెద్రో మార్కెట్‌కి పోయి లెంతెహాస్ తెచ్చాను, అంటే మన మసూర్ పప్పే, పొట్టు తీయకుండా. గంటన్నర ఉడికించాను. వేళ్ల మధ్య నొక్కితే ఇంకా పలుకు తగులుతోంది. ఇక చాల్లే అని గరిటె వెనకతో ఎనిపి, టమాటా వేసి, ఇంటి నుంచి తెచ్చిన ఆవాలు, ఎండబెట్టిన కరివేపాకు, ఆ మార్కెట్‌లోనే కొన్న జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఇక్కడి నల్లటి ఎండుమిరపకాయ రెండు తుంచి, చివర చిటికెడు ఇంగువ. ఆ ఒక్క క్షణం, ఆ చుయ్ మన్న క్షణం, ఇరవై రెండు రోజుల తర్వాత నాకు నా ఇల్లు గుర్తొచ్చింది. ఒక్క క్షణమే. తర్వాత కాగితం వచ్చింది.

మార్కెట్ అంటే గుర్తొచ్చింది, ఇక్కడ బేరం చేసేటప్పుడు మనం వాళ్లని కసెరీతా అంటాం, వాళ్లూ మనల్ని కసెరీతా అంటారు. ఖాతా మనిషి అన్నమాట. ఇక కొన్నాక "యాపా?" అని అడగాలి. యాపా అంటే ఏమిటో తెలుసా? కొసరు! అచ్చంగా కొసరు. జ్యూస్ అమ్మే ఆవిడ గ్లాసు నిండా పోసి, నేను తాగాక మిక్సీలో మిగిలింది మళ్లీ పోస్తుంది, అది యాపా. రూపాయి కరివేపాకుకి కొసరు అడిగే దేశం నుంచి వచ్చినదాన్ని, ఇంతకంటే ఏం కావాలి నాకు. ఈ ఊరివాళ్లతో నాకు రవ్వంత గొడవ లేదు, అది ముందే చెప్తున్నా. గొడవంతా ఈ ఊరికి నాలాగే బ్యాగు మోసుకుని వచ్చి, ఈ ఊరు మాదే అన్నట్టు తిరిగేవాళ్లతో.

వంటగది తుడిచే పెద్దావిడ ఒకరున్నారు. రెండు జడలు వేసుకుని, జడల కొసలు రెండూ వీపు మీద కలిపి ముడేస్తారు. కాగితం అంటించాక ఆవిడ లోపలికి వచ్చారు. స్టవ్ చుట్టూ చిట్లిన ఆవాలు చూశారు. ఒక గింజ వేలికి అద్దుకుని నోట్లో వేసుకున్నారు. తర్వాత గిన్నెలోంచి ఎండుమిరప ముక్క తీసి చూపించి "అహీ పాంకా" అన్నారు, మా ఇంటి మనిషిని నువ్వెక్కడ కలిశావ్ అన్నట్టు. ఒక చెంచా పెట్టాను. "రీకో" అన్నారు. బాగుందని. తిని ఆ కాగితాన్ని ఒకసారి చూసి, ఏమీ అనకుండా చీపురు తీసుకుని వెళ్లిపోయారు.

అసలు మిరపకాయ ఎవరిదండీ? ఈ అండీస్ కొండల వైపుదే కదా ఆ జాతి మొత్తం. మన గుంటూరు మిరప రకాన్ని మెక్సికో వైపు సాగులోకి తెచ్చారంటారు, సరే, అక్కచెల్లెళ్లే అనుకుందాం. పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో ఓడల్లో తెస్తే మన దగ్గరికి వచ్చింది. అంతకుముందు మన పూర్వీకులు మిరియాలతో సరిపెట్టుకున్నారు పాపం. నేను చేసిందల్లా పుట్టింటి వస్తువుని పుట్టింట్లోనే నూనెలో వేయడం. దానికి పర్మిషన్ ఎక్కడో చల్లటి దేశం నుంచి వచ్చినోడు ఇవ్వాలా?

మిరపకాయ వదిలేయండి, వేరుశనగ సంగతి చెప్తా. మాది అనంతపురం. మా తాత పొలంలో వేరుశనగ తప్ప నేను వేరే పంట చూడలేదు. కాబట్టి వేరుశనగ అంటే మాదే అన్న పొగరుతో పెరిగాను. పోయిన వారం ఉత్తరాన లాంబయేకె అనే ఊళ్లో మ్యూజియంకి పోయాను. సిపాన్ ప్రభువు అని ఇక్కడి పాతకాలపు రాజు, ఆయన సమాధి 1987లో బయటపడింది, అందులో దొరికిన నగలు అక్కడ పెట్టారు. ఒక హారం ఉంది. పూసలన్నీ వేరుశనక్కాయలే, కాయ నడుమున ఉండే నొక్కుతో సహా! సగం బంగారం, సగం వెండి. 1700 ఏళ్ల కిందట రాజు మెడలో పల్లీల హారం! ఆ అద్దం ముందు అరగంట నిలబడ్డాను. గార్డు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. మా ఊళ్లో ధర రాక మూటలు అప్పులవాళ్లకి తోలిన రోజులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది, అది వేరే పోస్ట్.

ఎక్కడున్నాను? ఆ, వాసన.

ఆ కాగితం చూడగానే నాకు కుస్కో కనపడలేదు, కూకట్‌పల్లి కనపడింది. మూడేళ్ల కిందట అక్కడ సింగిల్ బెడ్‌రూం వెతుకుతున్నా. ఒకటి కుదిరింది. మూడో అంతస్తు, తూర్పు కిటికీ. అడ్వాన్స్ ఫోన్‌లో కొట్టడమే తరువాయి. ఓనర్ ఆంటీ కాఫీ ఇచ్చి, మెల్లగా మొదలుపెట్టారు. ఒక్కదానివేనా అమ్మా? ఒక్కదాన్నే ఆంటీ. ఫ్రెండ్స్ వస్తారా? అప్పుడప్పుడు. మీరేంట్లు? నేను నవ్వి ఊరుకున్నా. అప్పుడు అడిగారు: "నీచు తింటారా?"

ఆ మాట చూడండి. నీచు. మా అమ్మ ఆదివారం వండేది నీచు. మా నాన్న చెరువు దగ్గర బేరమాడి తెచ్చిన చేప నీచు. "ఏమనుకోవద్దు, మా ఇంట్లో ఆ వాసన పడదు" అన్నారు. ఆ ఇంటి మెట్ల కింద డ్రైనేజీ పొంగి, ముక్కు మూసుకుని పైకి ఎక్కి వచ్చాను నేను. దానికి అలవాటు పడ్డారు, నా చేపల పులుసుకి మాత్రం పడలేరు! కాఫీ మొత్తం తాగి, థాంక్స్ చెప్పి వచ్చాను. థాంక్స్ ఎందుకు చెప్పాను? మూడేళ్లుగా స్నానం చేసేటప్పుడల్లా ఆవిడకి చెప్పాల్సిన సమాధానాలు గుర్తొస్తున్నాయి. ఇప్పటికి ఒక పదహారు అయ్యాయి, ఒకటి కంటే ఒకటి బాగున్నాయి.

తర్వాత ఏడాదిన్నర లేడీస్ హాస్టల్. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు. తొమ్మిది ముప్పై మూడుకి వస్తే వార్డెన్ గారి ముఖం. ఇండక్షన్ స్టవ్ దొరికితే ఫైన్. అర్ధరాత్రి బకెట్ వెనక దాచి మ్యాగీ చేసుకున్నవాళ్లు చేతులెత్తండి, నాకు తెలుసు మీరున్నారని.

హాస్టల్ అన్న మాటతో ఇంట్లో ఇంకో కామెడీ. మా అమ్మ చుట్టాలందరికీ అమ్మాయి పెరూలో హాస్టల్లో ఉందని చెప్పింది. ఏం కోర్సు అని అడిగారు. అమ్మకి ఏం చెప్పాలో తెలియక ఆరు వారాలు అంది. ఇప్పుడు మా ఊళ్లో నేను ఏదో షార్ట్ టర్మ్ కోర్సు చేస్తున్నా. ఇక డార్మ్‌లో ఆడా మగా కలిసి ఉంటారన్న సంగతి ఈ పోస్ట్‌లో ఎక్కడా లేదు. అత్తా, నువ్వు ఈ పేరా చదవలేదు.

ఒక్కదానివే అంత దూరమా, భయం లేదా అని అడిగే అన్నలందరికీ: భయం ఉంది. రాత్రి బస్సులో బ్యాగు పట్టీ కాలికి చుట్టుకుని పడుకుంటా. పాస్‌పోర్ట్ దిండు గలీబులో ఉంటుంది. కానీ లీమా నుంచి ఇక్కడిదాకా ఎవరూ నన్ను మీరేంట్లు అని అడగలేదు. ఇక్కడ గొడవ పోపు దగ్గర మొదలైంది, అక్కడ ఇంటి పేరు దగ్గరే మొదలవుతుంది.

నా మీద నాకే కోపం ఇంకోటుంది. పోపు పెట్టేముందు నేనేం చేశానో తెలుసా? కిటికీ తీశాను. తలుపు మూశాను. పెద్దగా ఎవరూ ఉండని టైమ్ చూసుకుని సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెట్టాను. చున్నీ మడిచి తలుపు కింద సందులో దోపాను. ఎవరూ చెప్పకుండానే! కాగితం అంటించకముందే నేను పాటించేశాను. ఎక్కడ నేర్చుకున్నాను ఇదంతా? ఆ సాక్సులవాడు నిచ్చెన మీద ఆరేసేముందు ఒక్క క్షణమైనా ఆగి ఉంటాడా?

ఇదిగో, ఇప్పుడే ఎవరో ప్లాస్టిక్ కవర్లు సర్దడం మొదలుపెట్టారు. రేపు తెల్లవారుజామున నాలుగింటికి వినికుంకా వ్యాన్ వస్తుంది, ఆ రంగుల కొండ చూడ్డానికి. కాబట్టి రాత్రంతా కరకర, కరకర. తలమీద టార్చి, ఆ లైటు సూటిగా నా కళ్లలోకి. దీనికీ కాగితం లేదు.

ఇక్కడ సెమోలా అని దొరుకుతుంది, బొంబాయి రవ్వే. అరకేజీ కొన్నాను. రేపు పొద్దున ఏడింటికి, అందరూ బ్రెడ్డూ జామూ తినే టైమ్‌కి, ఆ కాగితం ఉన్న ఫ్రిజ్ పక్కనే నిలబడి ఉప్మా చేస్తున్నాను. కిటికీ తీయను. ఆవాలు ఇంకా రెండు చెంచాలున్నాయి, ఇంగువ డబ్బా సగానికి పైనే ఉంది.