ఫాదర్ బ్రౌన్ గొడుగు గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ గొడుగు గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు కింద పడి ఉంటారని తలుస్తాను. నేరాల గుట్టు విప్పే క్యాథలిక్ ఫాదరీ ఫాదర్ బ్రౌన్ మీద ఇంగ్లీషు రచయిత చెస్టర్టన్ రాసిన కథల్లో, 1910లో వచ్చిన మొదటి కథలో, లండన్ వెళ్లే రైల్లో మీరు చేసిన పని అదొక్కటే కదా. ఫాదర్ బ్రౌన్ గారేమో ఉడికిన పిండిముద్దలాంటి మొహంతో, పొట్లాలు సర్దుకోలేక, తిరుగు టికెట్టు ఏ కొస పట్టుకోవాలో కూడా తెలియక, నా దగ్గర నీలాలు పొదిగిన వెండి వస్తువుందండీ అని పెట్టెలో అందరికీ చెప్పుకుంటూ కూర్చుంటే, మీరు మాటిమాటికీ దబ్బున పడటం. దొంగకి ఇంతకన్నా ఆహ్వానం ఏం కావాలి?

ఇంతకీ ఈ ఉత్తరం మా మేనకోడలి వల్ల. అది స్క్రీన్‌ప్లే కోర్సు చేస్తోంది. మీ కథలు చదవమని ఇస్తే రెండు రోజుల్లో తెచ్చి టేబుల్ మీద పడేసి, "అత్తా, ఈయనకి గ్రోత్ ఏదీ?" అంది. నాకు నోట మాట రాలేదు.

దాని బాధ నాకు అర్థమవుతుంది లెండి. ఇప్పటి కోజీ మిస్టరీల, అంటే హాయిగా చదువుకునే హత్య కథల లెక్క వేరు. నాయిక ఓ చిన్న ఊళ్లో బేకరీయో ఊలు దారాల కొట్టో పెట్టుకుంటుంది, ఒక పిల్లి ఉంటుంది. మొదటి భాగంలో విడాకులు, రెండో భాగంలో శవం దొరికిందని దేవుడి మీద అలక, మూడో భాగంలో ఇన్‌స్పెక్టర్‌తో కాఫీ, ఆ కాఫీ చల్లారేలోపు దేవుడితో రాజీ. ఊరి జనాభా తగ్గేకొద్దీ ఆవిడ వ్యక్తిత్వం వికసిస్తూ ఉంటుంది. హత్యలు జరగకపోతే పాపం ఆవిడ ఎప్పటికి ఎదిగేది?

మరి మీ ఆయనో? 1911 నుంచి 1935 దాకా ఐదు సంపుటాలు. ఒక్క రాత్రయినా కిటికీ దగ్గర నిలబడి, వాన చూస్తూ, అసలు దేవుడున్నాడా అని కుమిలిపోయాడా అంటే నేను చదివినంతలో లేదు. వానొస్తే మిమ్మల్ని తెరిచి ఉంటాడు, అంతే.

ఎదుగుదలంతా పక్కవాళ్లకి పంచిపెట్టేశాడు. ఆరడుగుల నాలుగంగుళాల ఫ్లాంబో సంగతే చూడండి. ఫ్రెంచి గజదొంగ, ఆ నీలాలు పొదిగిన వెండి వస్తువు, అదే శిలువ, దాని కోసం ఫాదరీ వేషం వేసుకుని మీ పక్కనే నడిచాడు. దొరికిపోయింది ఎందుకు? తర్కాన్ని తీసిపారేసేలా మాట్లాడినందుకు! నిజమైన ఫాదరీ అలా మాట్లాడడు, అది చెడ్డ వేదాంతం అన్నాడు మీ ఆయన. విశ్వాసం ఉన్నవాడు బుద్ధిని గుమ్మం బయట విడిచి వస్తాడనుకుని ఫ్లాంబో పప్పులో కాలేశాడు. తర్వాత ఇంకో కథలో వజ్రాలు కొట్టేసి చెట్టెక్కితే, ఈయన కింద నిలబడి, మంచి ఒక మెట్టు మీద ఆగుతుందేమో గానీ చెడు ఆగదు, దిగుతూనే ఉంటుందని నెమ్మదిగా చెప్పాడు. వజ్రాలు కిందికి రాలాయి. ఆ దొంగే డిటెక్టివ్ అయ్యాడు, చివరికి స్పెయిన్‌లో పెళ్లాం పిల్లలతో స్థిరపడ్డాడు. మా మేనకోడలు అడిగే గ్రోత్ అంటే ఇదే కదా, కాకపోతే వేరేవాడి ఖాతాలో పడింది.

పారిస్ పోలీసు పెద్ద వాలెంటిన్‌ది తలకిందుల ఎదుగుదల. (రెండో కథ చదవనివాళ్లు ఈ నాలుగు ముక్కలూ దాటేయండి.) మొదటి కథలో హీరోలా తిరిగినవాడు, ఒక కోటీశ్వరుడు తన డబ్బు చర్చికి ఇచ్చేస్తాడేమోనని అతని తల నరికేశాడు. కంచే చేను మేసింది. దేవుణ్ని నమ్మకపోవడం మీద ఆయనకున్నంత భక్తి నేను ఏ గుళ్లోనూ చూడలేదు.

మీ ఆయన పద్ధతేమిటో 1927 సంపుటం దాకా బయటపెట్టలేదు. ఆ హత్యలన్నీ నేనే చేశాను అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. అంటే హంతకుడి మనసులోకి దిగి, ఆ పని తానే చేయగలనని ఒళ్లు జలదరించేదాకా కూర్చునేవాడట. అదే ఆయన ప్రార్థన. మన బేకరీ నాయికకి ఈ సంగతి చెబితే ఓవెన్ కట్టేసి ఊరొదిలి పారిపోతుంది. ఆమె ప్రతి భాగంలోనూ తాను మంచిదాన్నని తెలుసుకుంటుంది మరి.

2013 నుంచి బీబీసీ వాళ్లు టీవీ సీరియల్ తీస్తూ మీ ఆయన్ని కెంబుల్‌ఫోర్డ్ అనే ఊళ్లో కట్టేసి, ఒక సైకిలూ, బహుమతులు గెలిచిన స్ట్రాబెరీ స్కోన్లు చేసే ఆవిడనూ ఇచ్చారు. పదికి పైగా సీజన్లయ్యాయి. ఆ ఊళ్లో ఇంకా ఇళ్లు అద్దెకి తీసుకుంటున్నారంటే వాళ్ల విశ్వాసం ముందు ఎవరిదీ చాలదు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు. ఈ కథలు మొదలుపెట్టేనాటికి చెస్టర్టన్ క్యాథలిక్ కాడు. కథలో ఫాదరీని నిలబెట్టి పన్నెండేళ్లు తాత్సారం చేసి, 1922లో ఆ మతంలో చేరాడు. చేర్చుకున్నదెవరు? ఫాదర్ బ్రౌన్‌కి మూలమైన నిజం ఫాదరీ జాన్ ఓకానర్ గారే. ఎదగాల్సిన పాత్ర ఎదగలేదు, రాసినవాడు ఎదిగాడు! మా మేనకోడలికి ఇది చెబితే కాసేపు చూసి, "సిలబస్‌లో లేదత్తా" అంది.

పైగా ఆ ఓకానర్ గారు మీ ఆయనలా కాదు, శుభ్రంగా, నేర్పుగా ఉండే మనిషట. ఆయన్ని పాత్రగా మార్చేటప్పుడు తెలివైన మొహాన్ని గుద్ది పిండిముద్ద చేశానని, టోపీనీ గొడుగునీ కొట్టి ఆకారం చెడగొట్టానని చెస్టర్టన్ 1936లో వచ్చిన ఆత్మకథలో రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. అన్ని కథల్లో అన్ని హత్యలు తేలాయి గానీ మీ మీద జరిగిన ఈ దాడి గురించి ఎవరూ పట్టించుకోలేదు. పరిశోధకుడి చంకలోనే ఉండి కూడా మీరు నోరు విప్పలేదు. ఇప్పుడు కేసు పెడదామన్నా, ముద్దాయి ఆ 1936లోనే పోయాడు.

ఇట్లు,
మీలాంటి గొడుగునే తలుపు వెనక పెట్టి మర్చిపోయే ఒక పాఠకురాలు