ముంచుకొస్తూనే ఉంది

మాది శ్రీకాకుళం. ‘ముంచుకురావడం’ అనే మాట మీద ఈ రాష్ట్రంలో ఎవరికైనా పట్టా ఉందంటే అది మాకే ఉండాలి. ఒడిశా కొండల్లో ఎక్కడో రాత్రి వాన పడితే తెల్లారేసరికి నాగావళి మా వంతెన కింద రంగు మార్చుకుని నిలబడుతుంది. వంశధార ఇంకాస్త మర్యాద తెలిసినది. గొట్టా బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది అంటూ కబురు పంపి మరీ వస్తుంది. 2014లో హుద్‌హుద్ చూశాం, 2018 అక్టోబరులో తిత్లీ చూశాం. ఏది ముంచుకొస్తోంది, ఏది ఊరికే వస్తోంది, ఏది అసలు రావడమే లేదు అన్నది మా తీరంలో ముసలివాళ్లు గాలిని బట్టి చెబుతారు.

అటువంటి మాకు మొన్న ఉదయం టీవీలో ఎర్రటి అక్షరాలు: ‘ముంచుకొస్తున్న మరో ముప్పు’.

ఏమిటది? ఎక్కడి నుంచి? ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది? తుపాను అయితే కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో అని చెబుతారు. ఇది చెప్పలేదు. ‘చిన్న విరామం తరువాత’ అన్నారు. విరామంలో ప్రెజర్ కుక్కర్ వచ్చింది, మోకాళ్ల నొప్పుల తైలం వచ్చింది, విశాఖ–విజయనగరం మధ్య ప్లాట్లు వచ్చాయి. ముప్పు రాలేదు. ముప్పు ముంచుకొస్తున్న ఊళ్లో ప్లాట్లు కొనమంటున్నారేమిటి అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చివరికి తేలిందేమిటంటే, ఏదో దేశంలో ఏదో పాత వైరస్ కొత్త చొక్కా తొడుక్కుంది. అంతే. తెర మీద కూర్చోబెట్టిన డాక్టరు గారు పాపం ‘భయపడాల్సిన పని లేదు’ అని మూడుసార్లు అన్నారు. ఆయన గడ్డం కిందుగా పోతున్న పట్టీలో మాత్రం ‘వణికిపోతున్న జనం’ అని ఉంది. ఆ జనం ఎవరా అని వీధిలోకి చూశాను. ఎదురింటాయన స్కూటర్ కడుగుతున్నారు.

ఈ ముంచుకురావడాలకు నేను లెక్క రాసుకుంటున్నాను. 2021 డిసెంబరులో ఒమిక్రాన్ ఆంధ్రప్రదేశ్‌లో తొలిసారి అడుగు పెట్టిన గౌరవం మా పొరుగు విజయనగరానికి దక్కింది. ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడికి అక్కడ చేసిన పరీక్షలో అది బయటపడింది. విజయనగరం బంధువులకు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. మూడు లాంతర్ల దగ్గర జనం ఎలా ఉన్నారు, కోట దగ్గర ఎలా ఉంది అని. మాకు కాస్త అసూయగానే ఉండింది. తీరా చూస్తే ఆ వార్త వెలువడేనాటికే ఆయనకు మళ్లీ చేసిన పరీక్షలో నెగెటివ్ వచ్చింది. లక్షణాలంటూ ఏమీ లేవు. ముంచుకొచ్చినది అప్పటికే వెళ్లిపోయింది. తెర మీద మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

తరువాత 2025 జనవరి. హెచ్ఎంపీవీ అని ‘కొత్త వైరస్’. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టింది 2001లో. ఇరవై మూడేళ్లు నిండి పెళ్లిసంబంధాలు చూడాల్సిన దాన్ని తెచ్చి పురిటిబిడ్డ అని ఉయ్యాల ఊపారు. నాలుగు రోజులు ఊపి, ఐదో రోజున ఉయ్యాల అక్కడే వదిలేసి ఏదో సినిమా వేడుకకు వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేసినవాళ్లు తుపాను దాటాక దాన్ని దింపుతారు. నది తగ్గితే హెచ్చరిక ఉపసంహరించుకున్నట్టు ప్రకటిస్తారు. ఒక కాగితం, ఒక సంతకం, జనం ఇళ్లకు పోతారు. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది 2023 మే 5న. ఆ రోజు మీ ఇంట్లో టీవీ ఎర్రబడిందా? పెద్ద గొంతుతో ఎవరైనా ‘వెనుదిరుగుతున్న మహమ్మారి’ అని అరిచారా? మా వీధిలో 2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి కొట్టిన ఇత్తడి పళ్లెం ఒకటి ఇప్పటికీ సొట్టతోనే ఉంది. దాని మీద మళ్లీ ఒక దెబ్బ కొట్టి, అయిపోయింది అని చెప్పినవాళ్లు లేరు. అందుకని మా జనం మనసుల్లో మూడో నంబరు సూచిక ఇంకా ఎగురుతూనే ఉంది.

ఆ ఎగరడం ఎలా ఉంటుందో చెబుతాను.

ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నేను వెళ్లే సెలూన్‌లో టీవీ కుర్చీ వెనక గోడకు ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే వార్తలు అద్దంలో చూడాలి. అక్షరాలు తిరగబడి, పట్టీ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. అద్దంలో చూస్తే ముప్పు వెనక్కి పోతున్నట్టే ఉంటుంది కాబట్టి వార్తలు చూడడానికి నాకు ఇంతకంటే మంచి చోటు లేదు.

స్క్రబ్ టైఫస్ వార్తలు హోరెత్తిన రోజులవి. కంటికి ఆనని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే పాత జబ్బు అది. గుర్తించి వేళకు వేస్తే డాక్సీసైక్లిన్ అనే చవక మాత్రకు లొంగుతుంది. ఈ సంగతి ఆఖర్న ఎనిమిది క్షణాలు చెప్పి, మిగతా అరగంటా ‘మీ ఒంటి మీద నల్లమచ్చ ఉందా’ అని వేలు చూపించి అడుగుతున్నారు.

నాకు మీసానికి రంగు వేయడం అయింది. గడ్డం ఒక చెంప గీయడం అయింది. రెండో చెంప మీద నురగ ఉంది.

‘మాస్టారూ, కదలకండి’ అన్నాడు సెలూన్ అబ్బాయి. కత్తి పట్టుకున్న మనిషి ఆ మాట అనడం మామూలే కనుక కదలలేదు. ‘మెడ వెనక నల్లమచ్చ ఉంది మాస్టారూ.’

బెంచీ మీద నలుగురు ఉన్నారు. ఒకాయన పత్రిక మడిచారు. ఒకాయన ఫోను టార్చి వెలిగించారు. మూడో ఆయన నా మెడ మీదికి వంగి, ‘ఇది అదే’ అన్నారు.

‘ఏది?’

‘ఇందాక చెప్పినది. పొలాల వైపు వెళ్లారా?’

‘బ్యాంకుకు వెళ్లాను.’

‘బ్యాంకు వెనక పొదలు ఉన్నాయి’ అని నాలుగో ఆయన కేసు మూసేశారు.

ఈ నాలుగో ఆయన రిటైరైన గుమాస్తా. చొక్కా జేబులో కళ్లజోడు ఉండాల్సిన చోట, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ ఉంటుంది. తీసి నా వేలికి తగిలించారు. 88. సెలూన్ అంతా నిశ్శబ్దం. ఫ్యాను మాత్రం తిరుగుతోంది. అప్పుడాయన నా వేలికి నురగ అంటి ఉందని గమనించి, తుడిచి, మళ్లీ పెట్టారు. 97. ‘ఫరవాలేదు కానీ నాకు ఆదివారం 99 వచ్చింది’ అన్నారు. దాంతో వరస మొదలైంది. సెలూన్ అబ్బాయికి 98. పత్రిక ఆయనకు 98. టీ ఇవ్వడానికి వచ్చిన కుర్రవాడికి 99. వాడు గ్లాసులు మరిచిపోయి ఆ అంకె చూపించడానికి పక్క దుకాణానికి పరుగెత్తాడు. నల్లమచ్చకూ ఆక్సిజన్‌కూ సంబంధం ఏమిటని అక్కడ ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అందరిలోకీ నాదే తక్కువ కదా అనే చింతలో ఉన్నాను.

ఈలోగా టార్చి ఆయన నా మెడను ఫొటో తీసి హైదరాబాద్‌లో మందుల కంపెనీలో పనిచేసే అల్లుడికి పంపారు. అల్లుడు ఇంకెవరికో పంపాడు. రెండో చెంప మీద నురగ పూర్తిగా ఎండి పగిలే వేళకు మా ఆవిడ ఫోను: ‘మీ మెడకు ఏమైంది? ఆమదాలవలస పిన్ని ఏడుస్తోంది.’ వాయువేగం అని చదువుకున్నాం. ఇది అంతకంటే ఎక్కువ.

ఎవరు ఆటో పిలవాలి, ఎవరు నాతో రావాలి, ఆటోలో నాకు ఎంత దూరంగా కూర్చోవాలి అనే చర్చ నడుస్తుండగా, మూలన వెంట్రుకలు ఊడుస్తున్న పిల్లవాడు చీపురు ఆపకుండానే, ‘అది రంగు. ఇందాక కుంచె కారింది’ అన్నాడు.

తడి తువాలుతో రుద్దితే సగం పోయింది. నలుగురూ వెళ్లి మళ్లీ బెంచీ మీద కూర్చున్నారు. బతికి బయటపడ్డందుకు నన్ను ఒక్కరూ అభినందించలేదు సరికదా, అబద్ధమాడి దొరికిపోయినవాడిని చూసినట్టు చూశారు. గుమాస్తా గారు మాత్రం వెళ్తూ వెళ్తూ, ‘అయినా ఒకసారి చూపించుకోండి. రంగు కింద ఏముందో ఎవరికి తెలుసు?’ అన్నారు.

ఆయన్ను చూసి నవ్వవలసినంత నవ్వాను. ఇక నవ్వను. 2021 మేలో ఆయన ఇదే పరికరాన్ని భార్య వేలికి తగిలించి, ఆ ఎర్ర అంకెలు చూస్తూ పదకొండు రాత్రులు మంచం పక్కన కూర్చున్నారు. ఆమె బతికింది. ఆయన జేబులోంచి అది మాత్రం బయటికి రాలేదు. అలాంటి మనిషి వణుకుతాడు, నిజమే. ఎవరైనా గుండెపోటుతో పోతే ‘టీకా వల్లేనట’ అనే మాటకు అందరికంటే ముందు తల ఊపేదీ ఆయనే. ఆకస్మిక మరణాలకు టీకా కారణం కాదని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం చెప్పిందంటే, ‘వాళ్లు అలాగే అంటారు’ అంటారు. ఆయనకు కావలసింది నెమ్మదిగా చెప్పే మనిషి. దొరుకుతున్నది రోజుకు పదిసార్లు ఆ పుండు మీద గోరు పెట్టి, మధ్యలో కుక్కర్లు అమ్ముకునేవాళ్లు.

దీనివల్ల పోయేదేముంది, కాస్త భయపడితే జాగ్రత్తగా ఉంటారు కదా అంటారు కొందరు పెద్దమనుషులు. పోయేదేమిటో పలాస చూసింది. 2020 జూన్‌లో, కరోనా ఉందన్న కారణంగా ఒక వృద్ధుడి శవాన్ని జేసీబీ తొట్టిలో వేసుకుని వీధుల వెంట తీసుకెళ్లారు. మట్టి తోడే తొట్టిలో. అధికారులను సస్పెండ్ చేశారు, అది జరగవలసినదే. కానీ మూడు నెలలుగా పొద్దున్నా సాయంత్రం శవం పక్కకు పోతే చస్తారని అరిచినవాళ్లే, ఆ జేసీబీ దృశ్యాన్ని తిప్పి తిప్పి చూపించి ‘మానవత్వం ఎక్కడ?’ అని మనల్ని అడిగారు. సిగ్గు లేకుండా అడిగారు! ఎక్కడికి పోతుంది? మీరు అమ్మేసుకున్నారు కదా.

అదే పలాస చుట్టూ ఉన్నది ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే అలా మారిందంటారు. కొబ్బరి, జీడి, పనస. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. అక్కడ రెండు దశాబ్దాలు దాటి మూత్రపిండాలు చచ్చిపోతున్నాయి. పొలం పని తప్ప ఏ వ్యసనమూ లేనివాళ్లకు కూడా. నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ కారణం అని ఈ నాటికీ ఒక్కటి తేల్చలేదు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా అక్కడ, మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష ‘క్రియాటినిన్’ అనే మాట తడబడకుండా పలుకుతుంది. ‘అన్నం తిన్నావా’ అన్నంత సులువుగా ‘ఎంతుంది?’ అని అడుగుతారు. చేయలేదని అనను. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. రిబ్బను కత్తిరించిన రోజున కెమెరాలు వచ్చాయి. రిబ్బనుతో పాటే వెళ్లాయి.

ఎందుకంటే ఆ జబ్బు ముంచుకురాదు. సగానికి పైగా పాడయ్యేదాకా చప్పుడే చేయదు. చిన్నప్పుడు మాకు తెలుగు మాస్టారు భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని ఒకటి నేర్పారు, ఎప్పుడూ జరిగేదానికి. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ లాంటిది. టీవీవాళ్లకు వచ్చిన క్రియ ఒక్కటే, ముంచుకొస్తోంది. ఉద్దానానిది తద్ధర్మం. ముంచుతుంది. నిన్నా ముంచింది, రేపూ ముంచుతుంది. దానికి ఎర్ర పట్టీ లేదు, విరామం లేదు, ప్లాట్లు లేవు. చైనాలో ఎవరో తుమ్మితే ఉలిక్కిపడే కెమెరాకు కంచిలి కనిపించదు. జాతీయ రహదారి పక్కనే ఉంది, కంచిలి. వెతకనక్కరలేదు.

పోయిన నెల ఆ దారిలోనే ఒక టీ దుకాణం దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. లోపల టీవీ మోగుతోంది. మళ్లీ అదే మాట, ఈసారి మూడు ఆశ్చర్యార్థకాలతో. డయాలసిస్ చేయించుకుని వస్తున్న మనిషి ఒకరు బల్ల మీద కూర్చుని ఉన్నారు. నలభై ఐదు దాటి ఉండవు. మోచేతి కింద కొత్త పట్టీ, దాని పక్కన నరం తాడులా ఉబ్బి ఉంది. దుకాణం అతను నిండు గ్లాసు ఇవ్వబోతే చేత్తో ఆపారు.

‘సగం చాలు బాబూ. ఇది కూడా నీళ్ల లెక్కలోకే వస్తుంది.’

సగం గ్లాసు అందుకుని, రెండు గుక్కలు తాగి, టీవీ వైపు చూశారు.

‘ఆ శబ్దం కూడా సగం చెయ్యి. బస్సు వస్తే వినబడదు.’